గవిలో లీలావతి

నంద్యాల, 2-2-58, ఆదివారం

పుస్తకం వాపసు పోయింది. ఇంకా చివరి భాగం మిగిలే ఉంది.

ఇది మిల్లులో ఆయనకు ఇచ్చిన డైరీ. రెండు రోజులు రాసి అటక మీద పడేశారు. మొదటి పుటలో ఆయన పేరు ఉంది. ఆ పుట తిప్పేసి వెనక నుంచి మొదలుపెట్టాను.

ఈ మధ్యాహ్నం ఆయన, మిల్లులో ఆయనతో పని చేసే మద్దిలేటి, ఇద్దరూ కూర్చుని సంగటి తింటున్నారు. అత్త చింతకాయల బుట్ట ముందు పెట్టుకుని గింజలు తీస్తోంది. ఉన్నట్టుండి అడిగింది.

"ఒరే అబ్బీ, ఆ పిల్ల గవిలోనుంచి బయటికొస్తాదా రాదా? నీకు తెలిసుంటాది గదా. నాకు రెండు దినాలుగా మనసే బాగల్యా."

"ఏ పిల్లమా?"

"అదే రా, లీలావతి. దీపం ఆరిపోయె గదా ఆ పిల్లది."

ఆయన నా వైపు చూశారు. "లీలావతి ఎవరే?"

నేను పులుసు గిన్నె వైపు చూస్తూ నిలబడ్డాను. ఆయన లేచి, చెయ్యి కడుక్కుని, గూట్లో ఉన్న పుస్తకం తీసి పుటలు తిప్పారు. "దీంట్లో లీలావతి యాడుంది? ఇది మొగపిల్లోని కత." అత్త గవి అనే ఆ గుహలోకి పోయే పుట తెరిచి నా ముందు పెట్టి, ఒక మాట మీద వేలు పెట్టారు.

"సదువు. ఈ మాట సదువు."

ఆ మాట తర్వాత "ధైర్యముగా గుహలోనికి అడుగు పెట్టెను" అని ఉంది. అది నేను చదవగలను. వేలు పెట్టిన మాటే చదవలేను. దాన్ని ఇక్కడ కూడా రాయను. పుస్తకంలో పిల్లవాడి పేరూ ఆయన పేరూ ఒకటే. రాసినవాడికి నంద్యాలలో నా మొగుడు ఉన్నాడని తెలుసా పాపం.

నోరు తెరవలేదు. ఆయన మళ్ళీ వేలితో పొడిచి చూపించారు. నేను తెరవలేదు.

"సూస్తివా మద్దిలేటీ? అయిదో తరగతి సదివిందని చెప్పి చేసినాడు మా మామ పెండ్లి. ఒక్క మాట సదవలేదు. ఏడాదిగా మాయమ్మకు ఉత్త కతలు అల్లి చెప్తాంది."

"పోనీలేప్పా, అల్లేదానికన్నా తెలివి ఉంది గదా" అని మద్దిలేటి నవ్వాడు. ఆయన కూడా నవ్వారు. పుస్తకం చంకలో పెట్టుకుని ఇద్దరూ వెళ్ళిపోయారు.

నాకు కోపం రాలేదు.

3-2-58

కోపం రాలేదని రాశాను. నిజమే.

5-2-58, బుధవారం

అంట్లు తోమేశాను. అత్త పడుకుంది. ఇప్పుడు పుస్తకం చదివే వేళ. పుస్తకం లేదు కాబట్టి పుస్తకాల గురించి రాస్తాను.

పోయిన ఉగాది తర్వాత మొదలైంది. అత్తకు కళ్ళు బాగున్నా అక్షరాలు రావు. నేను గూట్లో కాగితం ముక్క దొరికినా చదువుతానని చూసి, "మా కోడలికి ఏదన్నా తెచ్చియ్యి రా, నాకు కూడా చదివి చెప్తాది" అని ఆవిడే ఆయనతో అంది. ఆయన గ్రంథాలయంలో తన కార్డు మీద తెచ్చారు. పెద్ద నవలలు వద్దు, వాటిలో ఉండేవి ఆడవాళ్ళకు మంచివి కావు, పిల్లల పుస్తకాలు చదువుకోండి అన్నారు. అట్ట వెనక రాసి ఉంటుంది, పన్నెండు నుంచి పదహారేండ్ల బాలురకు అని. నాకు పదిహేడు. నేను బాలుణ్ణి కూడా కాదు.

అయినా ఏడాదంతా అవే చదివాను. ఇంటి నుంచి పారిపోయి ఓడ ఎక్కిన పిల్లవాడు. ఏనుగు గున్నను పెంచిన పిల్లవాడు. హాస్టల్లో దొంగను పట్టిన పిల్లవాడు. అడవిలో దారి తప్పిన అన్నదమ్ములు. అన్నీ మంచి కథలే. ఒక్కొక్కటి రెండుసార్లు చదివేదాన్ని, ఒకసారి నాకు, ఒకసారి అత్తకు. పక్కింటి చౌడమ్మ కూడా వచ్చేది. ఎదురింటి కృపమ్మ టీచరు మిషన్ బడి నుంచి వచ్చాక గడప మీద కూర్చుని కొంచెం విని పోయేది.

ఆడపిల్లలు ఎక్కడ ఉంటారో కూడా చెప్తాను. చెల్లెలు ఉంటుంది, సద్ది మూట కడుతుంది. ఓడ ఎక్కేవాడికి కట్టింది. అడవికి పోయేవాళ్ళకు కట్టింది. గుహకు పోయేవాడికి కూడా కట్టింది. సద్ది కట్టి ఇచ్చి, "అన్నా, జాగ్రత్త" అని కళ్ళు తుడుచుకుంటుంది. తర్వాత ఆ పిల్ల ఏం చేసిందో ఎవరూ రాయరు. లేకపోతే ఏరు ఒకటి వస్తుంది. ఏరు వస్తే చాలు, ఒక ఆడపిల్లను అందులో పడేస్తారు, పిల్లవాడు దూకి తీయడానికి.

గుహ పుస్తకంలో పిల్లవాడి పేరు చూసి చాలాసేపు ఆలోచించాను. పెండ్లయిన దాని నోట మొగుడి పేరు వస్తే ఆయుష్షు తగ్గుతుందంటారు. భజనలో కూడా నేను ఆ పేరు వచ్చే చోట గోవిందా అంటాను. "ఆ అబ్బాయి, ఆ అబ్బాయి" అని చదివితే అత్తకు అర్థమైపోయి నవ్వుతుంది. చౌడమ్మ ఊరంతా చెప్తుంది. అందుకని లీలావతి అని చదివాను. పేరు కోసమే మార్చాను. వేరే ఏమీ లేదు.

ఆయన ప్రాణం కోసం మార్చాను. ఆయనకు అది తోచి ఉండదు, అంతే.

9-2-58, ఆదివారం

కొళాయి దగ్గర చౌడమ్మ బిందె పక్కకు జరిపి, "రాండి రాండి, లీలావతమ్మ వచ్చాండాది. గవిలోనుంచి ఎప్పుడొస్తివి మా?" అంది. అందరూ నవ్వారు. మద్దిలేటి వాళ్ళింట్లో చెప్పాడట, వాళ్ళింటామె వీధంతా చెప్పిందట. చౌడమ్మ ఏడాదిగా నా ఎదురుగా కూర్చుని, నేను చదివింది విని, నేను పోసిన మజ్జిగ తాగింది.

ఏమీ అనలేదు. నేను ఎప్పుడూ అనను. నా నోట మాట రావాలంటే ముందు గొంతులో పది మందిని అడగాలి.

అందరూ పోయాక కృపమ్మ టీచరు ఉండిపోయింది. "ఏ మాట మీద వేలు పెట్టినాడు మా?" అని మెల్లగా అడిగింది.

"వాళ్ళ పేరు."

"వాళ్ళ పేరంటే? మీ ఆయన పేరా?"

తల ఊపాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. బిందె కింద పెట్టింది.

"ఓసి నీ పాసుగూలా. నువ్వు ఆ పేరు పలకవని నంద్యాలంతా ఎరుగుదురు. ఆ మనిషికి తన పేరు తనకు కనపళ్ళేదా?"

10-2-58

కనపడలేదా?

11-2-58

రెండుసార్లు పొడిచాడు వేలితో.

ఆళ్ళగడ్డ, 17-2-58, సోమవారం

పెద్దమ్మ కొడుకు పెండ్లికని నాయన వచ్చి తీసుకొచ్చాడు. బస్సులో దారి పొడవునా నాయన అల్లుడి గురించి అడిగాడు. బాగున్నాడని చెప్పాను.

ఈ ఇంట్లో అయిదో తరగతి పుస్తకం ఇంకా ఉంది. మా తమ్ముడి పెట్టె కింద ఎత్తుకు పెట్టారు.

అమ్మకు చెప్పాను. అమ్మ వక్కాకు నములుతూ అంతా విని, "పేరంటే ఆయుష్షు మే. మంచి పని చేసినావు" అంది. తర్వాత తన కథ చెప్పింది. చిన్నప్పటి నుంచి వింటున్నదే, అయినా చెప్పింది.

యుద్ధం కాలంలో చక్కెర కార్డులు రాసే గుమాస్తా ఇంటికి వచ్చాడు. నాయన చేలో ఉన్నాడు. "ఇంటాయన పేరేందమ్మా?" అన్నాడు. నాయన పేరు సంజీవయ్య. అమ్మ పలకదు గదా. పక్కన చెప్పేవాళ్ళు కూడా లేరు. "అదే సామీ, ఆంజనేయస్వామి చేత్తో ఎత్తుకొచ్చింది సూడు, దాని పేరు" అంది. గుమాస్తా ఏం విన్నాడో, హనుమంతయ్య అని రాసుకుని పోయాడు. ఆ కార్డు ఉన్నన్నాళ్ళూ నాయన హనుమంతయ్యగానే చక్కెర తెచ్చుకున్నాడు. కొట్టు ముందు వరసలో నిలబడి ఆ పేరుకు పలికేవాడు.

ప్రతిసారీ మేము పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. ఈసారి నాకు నవ్వు రాలేదు. నాయన పేరు నిలబెట్టడానికి పోయి అమ్మ నాయన పేరునే పోగొట్టింది. దానికి ఎవరూ అమ్మను చదువు రాని దానివని అనలేదు. నాయన కూడా నవ్వేవాడు.

"అమ్మా, ఆ మనిషి తెలిసే పెట్టినాడు వేలు" అన్నాను.

అమ్మ నమలడం ఆపింది. "తెలిసేనా?"

"తన పేరు తనకు తెలీదా?"

అమ్మ వక్కాకు ఇంకో బుగ్గకు జరిపి, "ఆటకు చేసుంటాడు లే. మొగోళ్ళకు అదొక ఆట" అంది.

ఆట. నేను బిందె నెత్తిన పెట్టుకుని వీధిలో పోతుంటే వెనక నుంచి లీలావతమ్మ అంటున్నారు. అది ఆట.

నంద్యాల, 24-2-58, సోమవారం

చింతపండు ఇంకా రెండు గోనెలు ఉంది. అత్తా నేనూ కూర్చుని గింజలు తీశాం. మధ్యాహ్నం నిశ్శబ్దంగా ఉంటే అత్త ఓర్చుకోలేదు.

"నేను చిన్నప్పుడు ఒగసారి గవిలోకి పోయినా" అంది.

నేను తలెత్తాను.

"మా ఊరు బెలుం పక్కన గదా. ఆడ బిలం ఉండె. మొగపిల్లోళ్ళు పోయేది, మమ్మల్ని రానిచ్చేది లేదు. ఒగ దినం మేకపిల్ల పోయిందని సాకు చెప్పి నేను దిగినా. లోపల సల్లగా ఉండె సూడు, అట్లాంటి సల్లదనం మల్లా యాడా సూళ్ళేదు నేను. ఇంకొంచెం పోదామనుకుంటి. మా నాయన వచ్చి జుట్టు పట్టుకొని ఈడ్చుకొచ్చె. నెల తిరక్కుండా పెండ్లి చేసి ఈడికి తోలిరి."

ఇన్నేళ్ళలో ఇది ఎవరికీ చెప్పినట్టు లేదు. ఆమె చేతిలో చింతపండు అలాగే ఉంది.

"నువ్వే ఏదో ఒగటి చెప్పు మే. అల్లతావంట గదా. ఆ పిల్ల ఏమాయె?"

"అల్లను" అన్నాను.

అత్త ముఖం తిప్పుకుంది. ఆమె మీద కాదు నా కోపం. కానీ ఎదురుగా ఆమే ఉంది.

2-3-58, ఆదివారం

అడిగాను. నీళ్ళు తోడి పెట్టి, తువ్వాలు అందిస్తూ అడిగాను.

"ఆ పుస్తకం మల్లా తెస్తారా?"

"ఏ పుస్తకం? లీలావతి పుస్తకమా?"

"అత్త అడుగుతాంది."

తల తుడుచుకుంటూ అన్నాడు, "తెస్తా. నా ముందర ఆ పుట సదివితే తెస్తా. ఆ మాటతో సహా." అని నవ్వాడు.

ఆ నవ్వు చూశాను. ఇంక ఎవరినీ అడగనక్కరలేదు. నేను ఏ మాట దగ్గర ఆగిపోయానో ఆయనకు మొదటి రోజే తెలుసు. ఎందుకు ఆగానో తెలుసు. తెలిసి మద్దిలేటి ముందు చదువు రాదన్నాడు. తన ఆయుష్షు నేను నోట్లో దాచుకుని నిలబడితే, ఆ నోటిని చూపించి నవ్వాడు.

ఏడాది పాటు పుస్తకాలు తెచ్చిన మనిషి. అది కూడా రాసిపెట్టాలి. వానలో ఓడ పుస్తకం చొక్కా లోపల పెట్టుకుని తడవకుండా తెచ్చాడు. అదే మనిషి. అందుకే ఇంకా మండుతోంది.

3-3-58

పేరు కోసమే మార్చానని ఫిబ్రవరిలో రాశాను. అబద్ధం.

ఏనుగు గున్నను పెంచిన పిల్లవాడి పేరు రాఘవ. మా ఇంట్లో ఎవరికీ ఆ పేరు లేదు. అత్తకు చదివేటప్పుడు వాణ్ణి రాజమ్మ చేశాను. గున్న ఆడపిల్ల మాటే వింటుందని అత్త తొడ చరిచి మెచ్చుకుంది. ఓడ ఎక్కినవాణ్ణి కూడా మార్చాను. చౌడమ్మ, "ఆడపిల్లను ఓడలోకి ఎక్కనిచ్చిరా?" అని అడిగితే, "జుట్టు కత్తిరించుకునింది" అన్నాను. అది పుస్తకంలో లేదు. అన్నం వండుతూ ఉంటే తట్టింది.

సద్ది మూట ఎవరు కట్టారని అత్త ఒకసారి అడిగింది. వాళ్ళన్న కట్టాడని చెప్పాను. అత్త చాలాసేపు నవ్వింది.

ఎవరి దగ్గరా తప్పు ఒప్పుకోవడం లేదు. ఇది నా డైరీ.

8-3-58

కృపమ్మ టీచరు చెప్పింది. గ్రంథాలయంలో ఆడవాళ్ళకు కూడా కార్డు ఇస్తారట. జామీను ఒకరు ఉంటే చాలట. "జామీను నేనుంటా. కానీ నీ పేరు పక్కన మొగుని పేరు రాసుకుంటాడు ఆడ పుస్తకాలిచ్చే యేసుదాసు. అడుగుతాడు. అది నీ ఇష్టం" అంది.

13-3-58

పొయ్యి ముందు ఆ పేరుకు పెదాలు కదిపి చూశాను. శబ్దం రాలేదు.

15-3-58, శనివారం

టీచరుకు ఒంటిపూట బడి. చీర మార్చుకుంటుంటే అత్త, "యాడికి మే?" అంది.

"టీచరమ్మతో పోయొస్తా."

అత్తకు అర్థమైంది. చాట తిప్పి చింతగింజలు చెరుగుతూ, నన్ను చూడకుండా, "పోతే పో. ఆ గవి పుస్తకం ఉందో, ఎవురన్నా ఎత్తుకపోయినారో సూసుకో" అంది.

గ్రంథాలయం ఒకటే గది. బల్లల మీద మొగవాళ్ళు పేపర్లు చదువుతున్నారు. మేము పోయేసరికి పేపర్ల పైనుంచి కళ్ళు లేచాయి. నేను టీచరు వెనక నిలబడ్డాను. కాళ్ళ కింద నేల చల్లగా ఉంది.

మేజా దగ్గర యేసుదాసు కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఎవరి కార్డు మీదమ్మా?"

"ఈ పిల్ల పేరు మీద కొత్తది రాయి, యేసుదాసూ. జామీను నాది" అంది టీచరు.

"పేరు?"

"సుంకులమ్మ" అన్నాను. రాసుకున్నాడు.

"ఇంటాయన పేరు?"

టీచరు నా తరఫున చెప్పడానికి నోరు తెరిచింది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె ఆగింది. యేసుదాసు మంచివాడు, అతనికి ఇది కొత్త కాదు. పెన్సిలు నా వైపు జరిపాడు. "నోటితో చెప్పకపోతే ఏం లేమ్మా, రాసియ్యి. మా ఇంట్లో కూడా పలకరు."

పెన్సిలు తీసుకోలేదు. రాయడం రాదని ఎవరూ అనలేదు నన్ను, చదవడం రాదన్నారు. మా అమ్మలాగా కొండనూ ఆంజనేయస్వామినీ చెప్పి తప్పించుకోవచ్చు. అది కూడా తట్టింది.

"నారాయణ" అన్నాను.

"ఆ? వినపళ్ళేదమ్మా."

"నారాయణ!"

పేపరు ఒకటి మడత పడిన శబ్దం. బల్ల చివర మద్దిలేటి కూర్చుని ఉన్నాడని అప్పుడు చూశాను. అతని కళ్ళలోకి చూశాను. నేను మొగవాళ్ళ ముఖం ఎప్పుడూ చూడను. చూశాను. మద్దిలేటే తల దించుకుని పేపరు వెనక్కి పోయాడు.

గుహ పుస్తకం బీరువాలోనే ఉంది.

నారాయణ. రాస్తున్నాను కూడా. చేతికి ఏమీ కాలేదు. నారాయణ. ఎవరో పిల్లవాడి పేరు లాగానే ఉంది.

16-3-58, ఆదివారం

ఆయన ఆయుష్షుకు ఏమీ కాలేదు. పొద్దున మూడు ముద్దల సంగటి తిన్నాడు.

తిన్నాక అన్నాడు, "అంతమంది మొగోళ్ళలో నా పేరు పెట్టి అరిచినావంటనే?"

గొంతులో పది మందిని అడగలేదు. "సదవను రాదంటివి గదా. వచ్చు" అన్నాను.

ఆయన చెయ్యెత్తుతాడేమో అనుకున్నాను. ఎత్తలేదు. చొక్కా వేసుకున్నాడు, మళ్ళీ విప్పి కొక్కేనికి తగిలించాడు. మిల్లు సెలవు. పోవడానికి ఎక్కడా లేదు.

మిగిలిన పుస్తకం తెల్లవారుజామునే చదివేశాను. ఆ పిల్లవాడు దీపం ఆరిపోయాక ఏడుస్తూ కూర్చుంటాడు. మేనమామ పైనుంచి తాడు వేసి లాగుతాడు. పెద్దవాళ్ళ మాట వినాలని బుద్ధి చెప్తాడు. చెల్లెలు సద్ది తెస్తుంది. అయిపోయింది. ఇంత పుస్తకం, ఇంత చీకటి, చివరికి తాడు. పుస్తకం గోడకేసి కొడదామనిపించింది. నా కార్డు మీద ఉంది కదా అని కొట్టలేదు.

మధ్యాహ్నం అత్త చింతపండు ముందేసుకుని కూర్చుంది. చౌడమ్మ పిలవకుండానే వచ్చి గోడకు ఆనుకుంది. కృపమ్మ టీచరు గడప మీద. ఆయన నడవలో మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నిద్ర కాదు. నిద్రపోతే ఆయన గురక పెడతాడు.

ఆ పుటే తెరిచాను. ఆయన వేలు పెట్టిన చోటే నా వేలు పెట్టి, గట్టిగా చదివాను.

"నారాయణ ధైర్యముగా గుహలోనికి అడుగు పెట్టెను."

చౌడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మంచం కిర్రుమంది. అత్త ఒక్క క్షణం నన్ను చూసి, తర్వాత మంచం వైపు చూసి, విసుక్కుంది.

"వీడెందుకు పోయె మే గవిలోకి? వీనికి వాకిట్లో చీకటంటేనే భయం. ఆ పిల్ల ఏమాయె, అది చెప్పు!"

టీచరు కొంగులో ముఖం దాచుకుంది. నేను నవ్వలేదు. పుట తిప్పాను. ఇప్పుడు ఆ పేరు ఎన్నిసార్లయినా పలకగలను. పుటలో ప్రతి వరసకూ ఉంది.

"లీలావతి చీకటిలో చెయ్యి చాచింది" అని చదివాను.

గోడ తడిమింది. ఎక్కడ గాలి చల్లగా తగులుతుందో అటు పాకింది. మోకాళ్ళు కొట్టుకుపోయాయి. అత్త చేతిలో చింతపండు కదలడం మానేసింది. ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. పుస్తకం ఆయన చదివాడు, అందులో ఏముందో ఆయనకు తెలుసు. నేను తల ఎత్తకుండా చదువుతూనే పోయాను.

వెలుతురు వచ్చేసరికి అత్త ఊపిరి వదిలింది. "ఎవురు తీసినారు మే?"

"ఎవురూ తీయలేదత్తా. ఆ పిల్లే వచ్చింది."

"జుట్టు పట్టుకొని ఎవురూ..."

"ఎవురూ రాలేదు."

ఆయన నోరు తెరిచాడు. అత్త ఆయన వైపు తిరిగి, "నువ్వు ఊరుకోరా, సదవనీ" అంది.

తాడు ఉన్న పుట మడిచి పెట్టాను. అది ఎవరికీ చదవను.